లోపల చూసింది లోపలే

పాకిస్తాన్ ఉత్తరపు కొండల్లో, కోహిస్తాన్ లోయల్లోకి విదేశీయుల్ని తీసుకెళ్లే గుల్‌దాద్‌కి జీపు నడపడం కంటే సలహాలు చెప్పడమే ఎక్కువ ఇష్టం. ఈసారి అతనికి దొరికింది హాలెండ్ నుంచి ఒంటరిగా వచ్చిన మారైకె. ఎక్కిన దగ్గర్నుంచి ఆమె చెవిలో జోరీగలా ఒకటే పోరు.

“దుపట్టా తల మీంచి జారనివ్వకండి మేడమ్. ఫోటోలు తీయకండి. మీరు ఆడమనిషి గనుక ఆడవాళ్లుండే జనానాలోకి రానిస్తారు, నాకా భాగ్యం లేదు. కానీ లోపల చూసింది లోపలే వదిలెయ్యాలి. మగాళ్ల దగ్గర ఆడవాళ్ల ఊసెత్తారో, పరువు పోయి నేను గడ్డం గొరిగించుకోవాల్సిందే!”

“సరే మాస్టారూ,” అని నవ్వింది మారైకె.

ఇన్ని చెప్పిన పెద్దమనిషి, లోయ చివరి ఊళ్లో రాత్రికి దిగిన ఇల్లు ఎవరిదో మాత్రం చెప్పలేదు. “తెలిసినవాళ్లది” అన్నాడంతే. అది అతని బావ బాద్‌మీర్ ఇల్లు. లోపలున్నది సొంత చెల్లెలు షెరీనా. ఇంటి ఆడవాళ్ల సంగతి పరాయివాళ్లతో చెప్పుకోవడం అక్కడ ఏ మగాడికీ నోట రాదు. పైగా ఆమె నిండు నెలల మనిషి. కడుపుతో ఉన్న పిల్ల అన్న ఎదుట పడటానికి సిగ్గుపడుతుంది, అడగడానికి అన్న అంతకంటే సిగ్గుపడతాడు.

“ఇంట్లో అందరూ కులాసాయేనా?” అన్నాడు గుల్‌దాద్.

“అల్లా దయ,” అన్నాడు బావ. అయిపోయింది, అదీ పరామర్శ!

పొద్దున్నే వాళ్లు బయల్దేరితే, కింద వాగు ఒడ్డున తన మొక్కజొన్న చేలో పనుందని బాద్‌మీర్ కూడా జీపెక్కి, అక్కడ దిగిపోయాడు. వీళ్లు వాగు దాటారు. దాటగానే టైరు పంచరైంది. అది బాగయ్యేసరికి ఎండెక్కి, పైన మంచు కరిగి, వాగు పొంగింది. ఒడ్డునే ఉన్న చాయ్ కొట్టు దగ్గర మారైకె గొంతు సవరించుకుంది.

“మీ నియమం తప్పుతున్నాను, కోప్పడకండి. ఆ ఇంట్లో కడుపుతో ఉన్నావిడకి మొహం, కాళ్లు బాగా వాచాయి. తల పట్టుకునే కూర్చుంది. నేను కప్పు అందిస్తే గాల్లో తడుముకుంది, కళ్లు సరిగా కనబడటం లేదేమో. మా అక్కకీ ఇలాగే అయింది. వెంటనే ఆపరేషన్ చేస్తే బతికింది.”

“ఏ ఆవిడ?”

“నవ్వితే మీలాగే ఎడమ బుగ్గ సొట్టపడుతుంది, ఆవిడ.”

గుల్‌దాద్ చాయ్ గ్లాసు వదిలేసి లేచాడు. “పొద్దున్నే చెప్పి చావలేకపోయారా!”

“ఆవిడ మీకేమవుతుందో నాకేం తెలుసు? మీరే కదా లోపలే వదిలెయ్యమన్నారు!”

గుల్‌దాద్ నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. ఆస్పత్రి ఇటువైపే ఉంది. జీపు వెనక సీటు ఖాళీగానే వాగు దాటింది.

వాగులోకి పరిగెత్తాడు. నీళ్లు నడుము దాకా రాగానే చాయ్ కొట్టు ముసలాయన చొక్కా పట్టి వెనక్కి లాగాడు. “పిచ్చెక్కిందా నీకు? జీపునే దొర్లించుకుపోయే నీళ్లు. తెల్లారి తగ్గాక పో!” వంతెన పోయిన వానలకే కొట్టుకుపోయింది. ఫోన్లు అక్కడ పలకవు.

అవతల చేలో బాద్‌మీర్ కనబడుతూనే ఉన్నాడు. ఇప్పుడు వింటే చాలు, షెరీనాని మంచం మీద మోసుకొచ్చి తెల్లారేసరికి ఒడ్డున ఉంచుతారు.

“బావా! ఇంట్లోవాళ్లకి... ఇంట్లోవాళ్లకి బాగాలేదు!”

నీళ్ల హోరు. బాద్‌మీర్ తలెత్తనేలేదు. ఇక సిగ్గూ లేదు, ఎగ్గూ లేదు.

“షెరీనా! మా షెరీనాని తీసుకురా!”

పరాయి ఆడదాని పేరు చెవిన పడగానే కొట్టు దగ్గరి మగాళ్లంతా మొహాలు తిప్పుకున్నారు. గుల్‌దాద్ గంతులేశాడు, చేతులూపాడు. అప్పుడు బాద్‌మీర్ చూశాడు. గుల్‌దాద్ రెండు చేతులూ పొట్ట మీద పెట్టి గుండ్రంగా చూపించాడు, ఊరి వైపు చూపించాడు, మళ్లీ పొట్ట చూపించాడు.

కడుపు నిండా పెట్టి పంపారంటున్నాడని కాబోలు, బాద్‌మీర్ నవ్వాడు. గుండె మీద చెయ్యి వేసుకుని, “ఇల్లు మీదే, మళ్లీ రండి” అన్నట్టు తల వంచి, చేలోకి వెళ్లిపోయాడు.