ఇంటామె ఖాళీగా ఉండును

మున్సిపాలిటీ గేటు ముందు ముప్పయ్యేళ్లు అర్జీలు రాశాను. ఊరి బడి చదువే నాది, అయినా నా చేతి అర్జీ ఒక్కటీ ఓడిపోలేదు. నేను కలం విప్పితే చాలు, ఇంటిపన్ను భయపడి సగానికి దిగివచ్చేది.

ఎనభై మూడులో సారంగపాణి వచ్చాడు. సుబేదారిలోని హౌసింగ్ బోర్డు మేడలో పై వాటా వాళ్లది. ఇంటికొచ్చిన బిల్ కలెక్టరు, ముందు గదిలో రాట్నం, నూలు చూసి 'కార్ఖానా' అని రాసుకుపోయాడు. పన్ను రెండింతలైంది. నేను అలవాటైన వాక్యమే రాసిచ్చాను: "ఇంటిలో ఏ పనియు జరుగుట లేదు. ఇంటామె ఖాళీగా ఉండును." సారంగపాణికి పాలకుర్తిలో తండ్రి ఇంట్లో భాగం ఉండడంతో, ఇల్లున్నవాళ్లకు ఇవ్వని బోర్డువాళ్లు వాటాను భార్య సమ్మమ్మ పేరున ఇచ్చారు. కాబట్టి అధికారి ముందు సంతకం ఆమే చేయాలి.

విచారణ నాడు నేనూ వెంట ఉన్నాను. సమ్మమ్మ అధికారి బల్ల ముందు స్టూలు మీద కూర్చుని కాగితం కూడబలుక్కుంటూ చదివింది. 'ఖాళీగా' దగ్గర ఆగిపోయింది.

ఎప్పుడు ఖాళీ? నల్లా రాగానే కింది నుంచి పై వాటాకు బిందెలు మోసినప్పుడా? అత్త భద్రమ్మ కాళ్లు పిసికినప్పుడా? మొగుడికి సద్ది కట్టి పంపి, గిన్నెలు తోమి, చేతులు ఆరకముందే రాట్నం ముందు కూర్చుని, నూలు కోసి బొటనవేలు నెర్రెలిచ్చేదాకా మగ్గాలకు కండెలు చుట్టినప్పుడా? "కూసోని జేసేదే గదనే, నడుం వంగుతదా?" అనేది అత్త. కండెలు మోసుకుపోయి కూలి తెచ్చేది సారంగపాణి కనుక, నలుగురిలో అది ఆయన సంపాదనే. ఎవరైనా అడిగితే "ఏం జెయ్య, ఇంట్లనే ఉంట" అని తానూ చెప్పేది. ఆ మాటే ఇప్పుడు స్టాంపు కాగితం మీదికెక్కి, కింద తన సంతకానికి చోటు వదిలి కూర్చుంది.

"ఇంట్ల ఏ పనీ జరగదా?" అన్నాడు అధికారి రాజేశ్వర్ రావు.

"జరగది సార్," అన్నాడు సారంగపాణి. "ఊకుండలేక జర కండెలు సుడుతది. అదీ ఒక పనేనా? ఏందే సూస్తానవ్, పెట్టు సంతకం."

సమ్మమ్మ కలం తీసుకుని ఆ రెండు వాక్యాలూ కొట్టేసింది.

"పని జరుగుతాంది సార్. ఇరవై ఏండ్ల సంది నేనే జేస్తాన. రాసుకోండ్రి."

"పన్ను తగ్గదమ్మా."

"తెలుసు సార్."

"ఇజ్జత్ తీసినవ్ గదనే! ఎవడు గడుతడు?" అన్నాడు సారంగపాణి.

"ఈ ఇంటి కిస్తులు ఎవరు గట్టిన్రయ్యా? నా కండెలే గదా. ఇది గూడ అవే గడుతయ్."

అధికారి కాగితం తనవైపు తిప్పుకున్నాడు. "పనిచేసేది ఎందరు?"

"నేనొక్కదాన్నే సార్."

రాజేశ్వర్ రావు ఆమె పేరు రాసుకుని, కుర్చీలోంచి లేచి నిలబడి ఆమెకు దండం పెట్టాడు.

అలా నా అర్జీ ఓడింది. దాచడమెందుకు, అంతకుముందూ పదింటికి ఏడు ఓడినవే. ఇదొక్కటి మాత్రం ఖాయంగా గెలిచేది.

ఆ దండం సంగతి నేను కల్పించింది. రాజేశ్వర్ రావు తల కూడా ఎత్తలేదు. ఆ గదిలో లేచి నిలబడింది సమ్మమ్మ ఒక్కతే.