విషం తినే విద్య

పాలు పొయ్యి మీద పెట్టానో లేదో, కొట్లోంచి ఆయన కేక. "జ్యోతీ, ఒకసారి ఇలా రా!"

మా ముందుగదే ఆయన పురుగుమందుల కొట్టు. మధ్య గుమ్మానికి పూల కర్టెన్. దానికి ఇవతల నేను వంటమనిషిని, అవతల ఎమ్మెస్సీని. తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ వెళ్ళాను.

బల్ల మీద నలుగురు రైతులు. వాళ్ళ ముందు నిలబడి కౌలురైతు వీరమ్మ. చేతిలో వేళ్ళతో సహా పీకిన ఊదగడ్డి, బురద నేల మీదికి కారుతోంది.

"కలుపు మందు కొట్టినా ఇది చావలేదండీ. వరికంటే ఇదే ఏపుగా ఉంది. గడ్డి పెంచుకోడానికా నేను కౌలుకి తీసుకుంది?"

"డోసు చాల్లేదు వీరమ్మా, ఈసారి డబల్ కొట్టు. నా మాట మీద నమ్మకం లేకపోతే మా ఆవిణ్ణి అడుగు, ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ. బుర్రలో ఎమ్మెస్సీ ఉంటుంది గానీ ఉప్మాలో ఉప్పుండదు!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఈ మాటకి ఎప్పుడూ అందరికంటే ముందు నేనే నవ్వుతాను, అది నా మీద కాదన్నట్టు.

"చెప్పు, డబలేగా?" అన్నారాయన. నా తల ఊగింది.

"అమ్మగారే అన్నాక ఇంకేంటండీ," అంది వీరమ్మ. ఆయన డబ్బా కోసం అలమర వైపు తిరిగారు. నేను లోపలికొచ్చేశాను.

పాలు పొంగి పొయ్యంతా పారాయి. గుడ్డ తీసుకుని తుడుస్తుంటే చెవులు వేడెక్కాయి. సిగ్గు. పాలు పొంగినందుక్కాదు. నేను విశాఖలో చదివింది సరిగ్గా ఈ సంగతే. సార్వాకీ దాళ్వాకీ, రెండు పంటలకీ ఒకే మందు కొట్టిన పొలాల మట్టి తెచ్చి, ఆ మందు తప్ప వేరే తిండి లేని ఫ్లాస్కులో వేసేదాన్ని. చాలా సూక్ష్మజీవులు చచ్చేవి. కొన్ని మాత్రం చావకుండా, ఆ విషాన్నే ముక్కలు చేసి తిని బతకడం నేర్చేవి. అలాంటి నేలలో మందు గడ్డిని చంపేలోపే మట్టి దాన్ని తినేస్తుంది. డబల్ కొడితే వాటికి రెండు పూటలా విందు. వరికే దెబ్బ.

పెళ్ళయ్యాక వాటినో గాజుగొట్టంలో తెచ్చి ఫ్రిజ్‌లో దాచుకున్నాను. ప్రార్థన కూటం నుంచి వచ్చిన మా అత్తగారు సంపూర్ణమ్మ, "పెరుగు పక్కన పురుగులేంటమ్మా, ఛీ!" అని కాలవలో పారబోశారు. "పెద్దావిడ, సర్దుకుపో," అన్నారీయన. సర్దుకున్నాను. చర్చిలో అందరికీ ఆవిడే చెప్తారు: "మా కోడలు ఏదన్నా అరాయించుకుంటుందండీ." ఇన్నాళ్ళూ దాన్ని మెచ్చుకోలనుకున్నాను. నా సూక్ష్మజీవుల్లాగే గట్టిదాన్నని లోలోపల గర్వపడ్డాను కూడా.

కానీ వాటి గురించి ఇంకో సంగతుంది. మందు ఆపేసి, మంచి తిండి పెడుతూ పోతే, కొన్ని తరాలకి ఒక్కొక్కటే ఆ విద్యని వదిలేస్తాయి. అది వాటి గొప్పతనం కాదు, వేరే కూడు లేక పట్టుబడిన విద్య. ఈ ఇంట్లో నాకు పట్టుబడిన విద్య నేను విషం తినడంతో ఆగలేదు. ఇప్పుడు వీరమ్మకి కూడా వడ్డిస్తున్నాను.

గుడ్డ అక్కడే పడేసి కర్టెన్ తీశాను. వీరమ్మ చేతిలో డబ్బా ఉంది.

"వీరమ్మగారూ, మీ చేలో ఈ మందే ఎన్నాళ్ళ నుంచి?"

"మా ఆయన బతికున్నప్పట్నుంచీ ఇదేనండి."

"అయితే వద్దండి. మీ మట్టి దీన్ని తినడం నేర్చేసుకుని ఉంటుంది. డబల్ కొడితే మీ వరే మాడుతుంది. ఈసారికి మనుషుల్ని పెట్టి తీయించండి. వచ్చే పంటకి వేరే రకం చూద్దాం. ఇందాక తల ఊపాను, తప్పు నాదే."

వీరమ్మ డబ్బా బల్ల మీద పెట్టేసింది. ఆయన మొహం ఎర్రబడింది, అంతలోనే నవ్వు పులుముకున్నారు.

"చూశారా! బుర్రలో ఎమ్మెస్సీ ఉంటుంది గానీ, ఉప్మాలో..."

బల్ల మీదున్న వాళ్ళు అలవాటుగా నవ్వబోయి, అలవాటుగా నా వైపు చూశారు. నేను నవ్వలేదు. ఒక్క నవ్వు తగ్గితే అంత గట్టిగా వినపడుతుందని నాకు అప్పటిదాకా తెలియదు.