ఏడో గుండీ

కాజా కుట్టి దారం తెంపినప్పుడల్లా కాజాల మావయ్య వేళ్ళు బల్లమీద పరుగెత్తాయి. ఇరవై ఏడేళ్ళుగా ఆ టైలరు షాపులో చొక్కాలకి కాజాలు కుట్టేది అతనే. ఒక్క కాజా వంకర పోలేదు. అంత ఓర్పున్న మనిషి పియానో ముందు మాత్రం పొయ్యిమీద పాలే!

యాభయ్యో ఏట మొదలుపెట్టాడు. చిన్న పాటలు చకచకా వచ్చేశాయి. ఇప్పటి పాటలో ఎడమచేతిది ఒక దారి, కుడిచేతిది ఇంకో దారి. నాలుగు నెలలుగా తంటాలు పడుతున్నాడు. పాఠం చెప్పే ముసలి టీచరమ్మ పియానోమీద ఎడమపక్క ఏడు గుండీలు పెట్టింది. తప్పులేకుండా వాయిస్తే ఒకటి కుడివైపుకి. ఒక్క తప్పు పడితే అన్నీ వెనక్కి. ఏడోది ఎన్నడూ కదల్లేదు. ఇవాళ సాయంత్రం ఆమె ఊరు వదిలి చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతోంది. ఆమె వినగా ఏడూ దాటించాలి.

"వెళ్ళు మావా, నీ కాళ్ళిక్కడ నిలవట్లేదు," అన్నాడు ఓనరు మధ్యాహ్నానికే.

టీచరమ్మ ఉండే మేడమీంచి హమాలీలు బీరువా దించుతున్నారు. పియానో ఇల్లు అద్దెకిచ్చినవాళ్ళది, ఉండిపోతుంది. మావయ్య వచ్చి వాయించుకోవచ్చన్నారు కూడా. కూర్చున్నాడు. ఆరో గుండీ దాటింది. ఏడోసారి, చివర్లో, చిటికెనవేలు పక్క మీటకి తగిలింది. టీచరమ్మ గుమ్మం దగ్గర హమాలీలతో మాట్లాడుతోంది. అతని చెయ్యి ఏడో గుండీదాకా వెళ్ళి ఆగింది. ఆరింటినీ వెనక్కి నెట్టేశాడు.

"అదేంటి?" అందామె తిరిగి చూసి.

"వేలు జారిందండీ."

"నేను వినలేదుగా."

"నేను విన్నాను కదండీ."

"కాజా వంకరపోతే ఏం చేస్తావబ్బాయ్?"

"విప్పి మళ్ళీ కుడతానండీ."

"అయితే కుట్టు."

ఈసారి తొందరపడలేదు. హమాలీలు మంచం దించడం మాని మెట్లమీద కూలబడ్డారు. వాళ్ళ మేస్త్రీ వేళ్ళు మడిచి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. నాలుగు, అయిదు, ఆరు... ఏడు! ఈలలు, చప్పట్లు. మావయ్యకి నవ్వాగలేదు, కళ్ళనీళ్ళూ ఆగలేదు.

"వచ్చేసిందండీ! వచ్చేసింది!"

ఆమె అతని తలమీద చెయ్యి వేసింది. "నా పెట్టె కిందికి తీసుకెళ్ళు. ఇల్లంతా ఓసారి చూసొస్తా."

లారీ వీధి మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపి, కిటికీ మూయడానికి పైకొచ్చాడు. పియానోమీద కొత్త పాట రాసిన కాగితం ఉంది, బెల్లానికి చీమలు పట్టినట్టు నల్లగా. దాని పక్కన ఏడు గుండీలూ మళ్ళీ ఎడమవైపు వరసగా ఉన్నాయి.