ఖాళీ కాని గుప్పిలి

కరెంటు పోయింది. కంప్యూటర్ల తెరలన్నీ ఒక్కసారిగా నల్లబడ్డాయి. కంప్యూటర్ పాఠం చెబుతున్న నాగవేణి వెనక్కి తిరిగి చూసింది.

వెనక బెంచీలో కూర్చున్న బడి కరస్పాండెంట్ సుందరరాజు నవ్వాడు. "ఏమ్మా, ఈ పొద్దు కరెంటు మీద సాకా? పోయిన వారం నువ్వు చెప్పింది ఒక్క పిల్లకాయకీ ఎక్కలేదని నాయనలంతా వచ్చి నా మీద పడినారు. గంట కొట్టేలోపల లూప్ అంటే ఏందో వీళ్ల నోట చెప్పించు. లేదంటే రేపట్నుంచి రావద్దు."

ఉద్యోగం పోతే మూడో తరగతి చదువుతున్న కూతురు మహితకు ఈ బడిలో ఫీజు లేని సీటూ పోతుంది. గొడవపడి వచ్చేసిన బంగారుపాళ్యం అత్తగారింటికి బిడ్డతో మళ్లీ వెళ్లాలి.

నాగవేణి జడలోంచి నాలుగైదు మల్లెపూలు తెంపి ముందు బెంచీలోని లోహిత గుప్పిట్లో పెట్టింది. ఆ పిల్ల అవ్వ తిరుచానూరు గుడి ముందర పూలు అమ్ముతుంది.

"ఈ టేబులు చుట్టూ తిరుగు. చుట్టుకొక పువ్వు ఈ మూల నేల మీద వదులు. చేతిలో పూలు ఉన్నంతసేపూ తిరగాలి. చెయ్యి ఖాళీ అయితే ఆగాలి. చేసిన పనే మళ్లీ చెయ్యడం, ఎక్కడ ఆపాలో ముందే చెప్పుకోవడం. లూప్ అంటే అంతే."

"మొక్కుబడా మిస్? గుండు గూడా కొట్టించాల్నా?" అన్నాడు బాలచంద్ర. క్లాసంతా గొల్లుమంది.

లోహిత బయలుదేరింది. నాగవేణి బోర్డు మీద ఆ మాటలే రాసి వెనక్కి తిరిగింది. పిల్ల ఇంకా తిరుగుతూనే ఉంది. మరోసారి వివరించింది. ఇంకా తిరుగుతూనే ఉంది.

గంట మోగింది. సుందరరాజు లేచాడు. "పాఠం చెప్పమంటే ఆటలాడిస్తా ఉండావు" అని వెళ్లిపోయాడు.

"మిస్, సూడండి!" బాలచంద్ర అరిచాడు. "వేసిన పువ్వునే మళ్లీ ఎత్తుకుంటా ఉండాది! చెయ్యి యాడ ఖాళీ అవుతాది?"

"తొక్కితే పాపం. మా అవ్వ తిడతాది" అంటూ లోహిత ఒక పువ్వును కళ్లకద్దుకుని మళ్లీ గుప్పిట్లో చేర్చుకుంది.

"అయితే ఈ లూప్ తెగదు గదా! రేపటిదాకా తిరగాల్సిందే!" అన్నాడు బాలచంద్ర.

"వదిలిన పువ్వు కిటికీలో పెట్టమని మిస్సు చెప్పుండాల" అంది వెనక నుంచి ఇంకో పిల్ల.

నాగవేణి వరండాలోకి పరుగెత్తింది. "సార్! వాళ్లకు అర్థమైంది సార్! ఒక్కసారి వచ్చి అడగండి!"

సుందరరాజు ఆగలేదు. "గంట అయిపోయిందమ్మా. ల్యాబు తాళాలు ఆఫీసులో ఇచ్చేసి పో."

"సార్, నా బిడ్డను ఏడాది మధ్యలో..."

ఆఫీసు తలుపు మూసుకుంది.

ఆమె క్లాసుకు తిరిగి వచ్చింది. వాడిపోయిన పూలతో లోహిత ఇంకా తిరుగుతూనే ఉంది.

"మిస్, కాళ్లు లాగతా ఉండాయి. ఆపేదా?"

నాగవేణి ఆపమని చెప్పబోయింది. అంతలో టేబులు మీది ల్యాబు తాళాలు కనబడి, వాటిని గుప్పిట్లోకి తీసుకుంది. లోహిత కాసేపు ఆమె ముఖంలోకి చూసి, ఇంకో చుట్టు మొదలుపెట్టింది.