రెండు విన్నపాలకూ ఒకటే ఆమెన్

అమెరికాలో ఎవరికైనా కాలు విరిగితే, ఆ కట్టు ఖర్చు ఇన్సూరెన్సు వాళ్ళు ఇవ్వాలో వద్దో సికింద్రాబాద్‌లో ఒక అద్దాల మేడలో కూర్చుని దేవకృప తేల్చేది. ఎనిమిదేళ్ళుగా అదే కుర్చీ, అదే పని. ఇప్పుడా పని ఫిలిప్పీన్సులోని మనీలాకి పోతోంది.

"మీరే వాళ్ళకి వీడియోలో నేర్పాలి. చివర్న టెస్టు. పాసైతే వర్క్ అక్కడికి షిఫ్ట్. ఫెయిలైతే ఇంకో సంవత్సరం ఇక్కడే," అని మేనేజరు రిచర్డ్ అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు. "నేర్పనన్న వాళ్ళకి మాత్రం రిలీవింగ్ లెటర్ ఉండదు."

ఆ లెటరు లేకపోతే ఇంకో కంపెనీ గడప తొక్కనివ్వదు. నేర్పితే ఉన్న పని పోతుంది, నేర్పనంటే రాబోయే పనీ పోతుంది. ఒకే పలుపును రెండు గుంజలకి బిగించినట్టుంది దేవకృపకి.

మనీలా వాళ్ళని రెండు బ్యాచ్‌లు చేశారు. ఒకటి ఆమెకి, ఒకటి పక్క సీటు పర్వతాలుకి. ఆయనది బన్సీలాల్‌పేట. క్యాంటీన్లో టీ ఊదుకుంటూ ఉపాయం చెప్పాడు.

"గిట్ల చేద్దాం చెల్లె. అన్నీ సక్కగనే నేర్పుదాం. ఒక మనిషికి రెండు ఇన్సూరెన్సులున్న కేసులుంటయి సూడు, అవ్వొక్కటే పైపైన సూపెట్టి పోదాం. టెస్టుల సగం అవ్వే వస్తయి. రెండు బ్యాచులూ ఫెయిలైతే మనల్ని ఎవడంటడు?"

"పాపం కాదా అన్నా?"

"మీ ఆయన దుకాణం బంద్ అయినప్పుడు పాపమని ఎవడన్నొచ్చిండా?"

ఎవరూ రాలేదు. మోండా మార్కెట్ పక్క సందులో ఆమె భర్త లూకా నడిపిన ఫొటో స్టూడియో, చేతి ఫోన్లలోకి కెమెరాలొచ్చాక మూతబడింది. ఇల్లు ఆమె జీతం మీదే నడుస్తోంది. సరేనంది.

ఆమె బ్యాచ్‌లో మారిసెల్ అనే పిల్ల ఉంది. మెడలో చిన్న సిలువ. ఒక శుక్రవారం క్లాసయ్యాక అందరూ పోయినా తెర ముందు నుంచి లేవలేదు. "టెస్టు పోతే నన్ను తీసేస్తారు మేడమ్. నాకోసం ప్రార్థన చేస్తారా?" అని ఇంగ్లీషులో అడిగింది.

మెట్టుగూడ రైల్వే క్వార్టర్లలో, ఇంటింటా వాక్యం చదివే మనుషుల మధ్య పెరిగింది దేవకృప. ప్రార్థన చెయ్యమంటే అక్కడెవరూ ఆలోచించి జవాబు చెప్పరు. కూరగాయల బండి దగ్గరైనా, బస్సులో వేలాడుతూ అయినా ఒకటే మాట. "తప్పకుండా చేస్తానమ్మా," అనేసింది. తానేం అన్నదో తెర ఆర్పాక గానీ ఆమెకి తెలిసిరాలేదు.

ఆదివారం సాయంత్రం వాళ్ళింట్లోనే కుటీర ప్రార్థన. చాపల మీద వీధి ఆడవాళ్ళంతా కూర్చున్నారు. అత్తగారు రోసమ్మ, గుంటూరు వైపు నుంచి వచ్చి ముప్ఫై ఏళ్ళైనా యాస వదలని మనిషి, మొదటి విన్నపం తనే పెట్టింది. "మా కోడలి ఉద్యోగం కదలకూడదమ్మా. ఆ ఫిలిప్పీన్సు వాళ్ళకి పని పట్టుబడకూడదు."

"ఆమెన్," అన్నారందరూ.

"ఇంకెవరికైనా ఉందా?" అంది పాస్టరమ్మ మార్త.

దేవకృప కొంగు వేలికి చుట్టుకుంది, విప్పింది. "ఒక అమ్మాయికి పరీక్షుంది. పేరు మారిసెల్."

ఈసారి ఆమెన్ అందరికంటే గట్టిగా అన్నది రోసమ్మే.

వంటింట్లో టీ వడకడుతూ అడిగింది. "ఎవరే ఆ పిల్ల? మనోళ్ళా, ఆర్.సి.ఎమ్ కేథలిక్కులా?"

"ఆర్.సి.ఎమ్మే అత్తయ్యా. నా దగ్గర నేర్చుకునే పిల్ల. ఫిలిప్పీన్సు."

టీ జల్లెడ రోసమ్మ చేతిలో ఆగిపోయింది. "ఓసి నీ తెలివి తెల్లారా! రెండిటికీ నా నోటితోనే ఆమెన్ అనిపించావు గదే! ఇప్పుడు దేవుడేం చెయ్యాలి?"

"దేవుడి సంగతేమో గానీ, రేపు క్లాసు చెప్పాల్సింది నేను."

"అయితే రెండోది వెనక్కి తీసుకో."

"తీసుకోవచ్చా?"

రోసమ్మ ఆలోచించింది. ఇన్నేళ్ళ ప్రార్థనల్లో అలా వెనక్కి తీసుకున్నవాళ్ళని ఆమె చూడలేదు. "టీలు చల్లారిపోతున్నాయి, పట్టుకెళ్ళు," అంది చివరికి.

మర్నాడు క్లాసులో మారిసెల్ సరిగ్గా దాని మీదే వేలు పెట్టింది. "రెండు ఇన్సూరెన్సులుంటే ముందు ఎవరు కట్టాలి మేడమ్?" మోకాళ్ళ మీద అడిగిన దాన్ని చేతులారా చెడగొట్టడం దేవకృప వల్ల కాలేదు. ఫైలు తెరిచి, మొదటి నుంచి చివరిదాకా, మెలికలన్నీ విప్పి చెప్పింది.

పర్వతాలు చెవుల మీది హెడ్‌ఫోను పక్కకి లాగాడు. "ఏందీ చెల్లె, మొత్తం చెప్పుడు షురూ చేసినవ్?"

"మాటిచ్చినన్నా."

"ఎవరికి?"

వేలు తెర వైపు చూపాలో పైకి చూపాలో తెలియక ఆమె మళ్ళీ ఫైలు వైపు తిరిగింది.

ఆమె బ్యాచ్ మొత్తం పాసైంది. పర్వతాలు బ్యాచ్ పోయింది. రెండూ పోయి ఉంటే నెపం మనీలా మీద పడేది. ఒకటి గట్టెక్కేసరికి నేర్పినవాడి మీద పడింది.

"సూపర్బ్!" అన్నాడు రిచర్డ్. "హెడ్డాఫీసు మీకు ఇంకో మూడు నెలలు ఇచ్చింది."

"ఏం పని సార్?"

"పర్వతాలు బ్యాచ్‌కి కూడా మీరే నేర్పండి. రేపట్నుంచి అతను రాడు."

ఆమె సీటు దగ్గరికి వచ్చేసరికి ఆయన టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుంటున్నాడు.

"పరేషాన్ గాకు చెల్లె," అన్నాడు పర్వతాలు, మొహం చూడకుండా. "నా కుర్చీ చక్రం ఒకటి లూజున్నది. జెర సూసుకొని కూసో."

మర్నాడు ఆయన బ్యాచ్ కోసం ఆ కుర్చీలోనే కూర్చుంది. తెర మీద కొత్త ముఖాలు వరసగా తెరుచుకున్నాయి. వాళ్ళలో ఒకామె సిగ్గుపడుతూ చెయ్యెత్తింది. "మారిసెల్ చెప్పింది మేడమ్. మాకోసం కూడా ప్రార్థన చేస్తారా?"

దేవకృప పెదాలు బిగించింది. ఈసారి నోరు జారనివ్వలేదు. కింద చక్రం కిర్రుమంది. కానీ తెర మూలన చిన్న గడిలో కనిపిస్తున్న తన బొమ్మ అప్పటికే తలూపేసింది.