మా ఇంటిది

ఆ మార్చి పదకొండున పొద్దున రెండు ఉడకబెట్టిన గుడ్లు, ఒక అరటిపండు పెట్టుకుని కూర్చున్నాడు మెకానిక్. కోపంతో రెండో గుడ్డు సగంలోనే వదిలేశాడు. పన్నుల ఆఫీసుకు వెళ్లాల్సిన రోజది.

ఆయన ఇంటి ముందుగదిలోనే కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. ఆ పనికి సగం ప్రాణం ఫోనులో ఉండేది. టైలర్లు ఫోన్ చేస్తే భార్య ఎత్తి, "రిసీవర్ మిషను పక్కన పెట్టి తొక్కు తల్లీ" అనేది. చప్పుడు విని, షటిల్ అరిగిందో బెల్టు వదులైందో చెప్పేసేది. ఆయన దానికి తగ్గ సామాను సంచిలో వేసుకుని వెళ్లేవాడు. కూతురి కబుర్లకు లైను ఖాళీ ఉండటం లేదని ఇంటి వాడకానికి రెండో కనెక్షన్ పెట్టించారు. భార్య పోయి ఏడాది దాటింది. ఆమె బతికున్న చివరి ఏడాది లెక్కల మీద ఇప్పుడొచ్చింది నోటీసు.

ఆఫీసరమ్మ ఫారం ఆయన వైపు తిప్పి చూపించింది. మొదటి లైను ఎవరిది అన్న గడిలో ఆయన చేతిరాతే ఉంది: "మా ఇంటిది."

"ఇంటిదని మీరే రాశారు కదండీ. ఇంటి ఫోను బిల్లు వ్యాపారం ఖర్చు కింద ఎలా ఒప్పుకోమంటారు?"

"ఇంటిదంటే ఇల్లు కాదమ్మా! మా ఆవిడ!"

పక్క బల్ల గుమస్తా కిసుక్కున నవ్వాడు. ఆయన చూసిన చూపుకి తల దించుకున్నాడు.

"ఎవరిదైనా సరే. ఇంట్లో మొదటి లైను ఇంటి కిందే లెక్క. రెండోదైతే, పనికి వాడితే, ఖర్చు కింద ఒప్పుకుంటాం. రూలది."

"ముందు పుట్టడం దాని తప్పా?"

వెంట వచ్చిన, పద్దులు రాసిపెట్టే బామ్మర్ది మోచేత్తో పొడిచాడు. "బావా, రెండోదే పనికి వాడామను. బిల్లులు ఇంచుమించు ఒకటే. పాతది ఊసుపోని కబుర్లకని సంతకం పెట్టెయ్. గొడవ వదిలిపోతుంది."

"మీ అక్క ఊసుపోక కబుర్లు చెప్పిందని సంతకం పెట్టాలా? నీ నోటితో నువ్వే అంటున్నావా ఆ మాట?"

"అక్కని నేనేమంటాను బావా! కాగితం మీద మాటే కదా..."

"నేనంటున్నదీ కాగితం మీద మాటేరా!"

ఆ అరుపుకి వరసలో జనం తిరిగి చూశారు. ఆయన ఆగలేదు. "చెవి నొప్పి పుడితే రిసీవర్ ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకునేదమ్మా. మంచం మీద నుంచి కూడా నాలుగు మిషన్లు వింది. అవి కబుర్లా?"

ఆఫీసరమ్మ ఫారం మీద తన పెన్ను పెట్టి ముందుకు జరిపింది. "రూలు నేను మార్చలేనండీ. మీ మాట మీరు మార్చుకోవచ్చు. కొట్టేసి రాయండి, పక్కన నేను సంతకం పెడతాను. పైవాళ్లకి అప్పీలు చేసుకోడానికి నెల గడువుంది."

ఆయన ఆ రెండు మాటలూ కొట్టేసి, "నా భార్య. ఈ లైను మీద పనిచేసిన మనిషి" అని రాశాడు. కాగితం చిరిగినంత పనైంది. పెన్ను ఇచ్చినందుకు ఆమెకు దణ్ణం పెట్టాలనిపించింది కానీ, పిడికిలి విడలేదు.

దారంతా బావా బామ్మర్దులు ఎడమొహం పెడమొహం.

ఇంటికొచ్చి అప్పీలు రాయబోతే ప్రతి వాక్యం తిట్టై కూర్చుంది. మూడు కాగితాలు ఉండచుట్టి విసిరాడు. బామ్మర్ది చూసి చూసి కుర్చీ లాక్కున్నాడు.

"ఇలా తే. నీ తిట్లకి ఎవడూ సీలు వెయ్యడు. నువ్వు చెప్పు, నేను రాస్తాను."

"రాసినా గెలవం కదా?"

"గెలవం. రాయొద్దన్నానా? ఎన్నేళ్లు చేసిందక్క?"

"పద్దెనిమిది."

"రోజుకి ఎన్ని ఫోన్లు?"

"లెక్క పెట్టలేదు. అక్కడే ఉంది నా తప్పు."

బామ్మర్ది కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఇక ఏమీ అడగకుండా రాయడం మొదలుపెట్టాడు. అక్క సంగతి అతనికీ తెలుసు.

చీకటి పడేసరికి రెండో పేజీలోకి వచ్చాడు. మెకానిక్ కోపం చల్లారలేదు. అయినా రాసేవాడి ధ్యాస చెదరకూడదని లేచి బయటికొచ్చి, తలుపు చప్పుడు కాకుండా వేశాడు.