మెంతుల గిన్నెలో మందు

నేను ఒక పోపుల డబ్బాను. స్టీలు రేకుగా పుట్టి, దెబ్బలు తిని గుండ్రమయ్యాను. వరహాలమ్మతో పాటు అనకాపల్లికి కాపురానికి వచ్చాను. ఆమె వంటగదిని కోడలు ప్రసూనకు అప్పగించినప్పుడు నన్నూ అప్పగించింది. ఆవాలు, జీలకర్ర కాపలా కాసే బతుకు నాది. ప్రాణాన్ని కాయాల్సి వస్తుందని కలగనలేదు.

ప్రసూనకు రెండుసార్లు కడుపు నిలవలేదు. రక్తపరీక్షలు చేయించిన డాక్టరమ్మ, గర్భాన్ని నిలబెట్టే ప్రొజెస్టిరాన్ తక్కువగా ఉందని తేల్చింది.

"గర్భం రాకముందే మందు మొదలుపెడదాం. వచ్చాక నేను చెప్పేదాకా ఆపొద్దు. గ్యారంటీ ఇవ్వలేను. కానీ మధ్యలో మానావో, ఊరుకోను!"

మందు వాడుతుండగానే మళ్లీ నెల తప్పింది. అత్తకు మాత్రం చెప్పలేదు. మొదటిసారి వినగానే వరహాలమ్మ సంబరంగా వీధంతా బెల్లం పంచింది. కడుపు పోయాక ఆ వీధే దిష్టి తగిలిందంది. అందుకే మూడో నెల నిండేదాకా గుట్టు. మందు గుళికలు నా మెంతుల గిన్నెలో చేరాయి. మనుషులు శుభవార్తను కూడా దొంగసొత్తులా దాస్తారు!

వైశాఖం వచ్చింది. ప్రసూన స్నానానికి వెళ్లగానే, దినుసులకు పురుగు పడుతుందని వరహాలమ్మ నన్ను మేడెక్కించి, మూత తీసి ఎండలో పెట్టింది. గుళికలు మెత్తబడ్డాయి. అంటుకున్నాయి. చూస్తుండగానే ముద్దయిపోయాయి. అరుద్దామంటే నాకు నోరేది?

నన్ను వెతుక్కుంటూ ప్రసూన మెట్లెక్కి వచ్చింది.

"ఏటే ఇది?" వరహాలమ్మ నా మెంతుల గిన్నె చూపించింది. "మెంతులు జిగురు కట్టీసేయి!"

"మెంతులు కాదత్తా... కడుపు నిలవడానికి మందు. ఈ పూటది వేసుకోలేదింకా."

మరుక్షణం వరహాలమ్మ నన్ను చంకనెత్తుకుంది, కిందికి దిగి ప్రసూన దగ్గర డాక్టరు చీటీ అందుకుంది, చెప్పుల్లేకుండా రోడ్డు మీదికి పరుగెత్తింది.

"మా కోడలికి కడుపు నిలిచే మందియ్యి నాయనా, బేగి!"

మందుల షాపు దగ్గర ఆ కేక వినని చెవి లేదు. గుట్టు గోవిందా!

మందు వేళకే అందింది. ఆ రోజు నుంచి ప్రసూన గుమ్మం దాటితే చాలు, వీధంతా ఒకటే మాట: "మందేసుకున్నావేటమ్మా?" దిష్టి పెట్టిన వీధే కాపలా కాసింది. డాక్టరమ్మ ఇక చాలన్నాక కూడా ఆ కేకలు ఆగలేదు.

పాప పుట్టింది. అన్నప్రాశన నాడు పాప ముందు పుస్తకం, బంగారం, పువ్వు పెట్టారు. పాప వాటన్నిటినీ దాటుకుని పాకి, హాల్లో ఓ మూలనున్న నా మూత పట్టి లాగేసింది. ఖంగుమన్నాను. ఆవాలు హాలంతా చిందాయి.

"సూసేరా! ఎవల్ని పట్టుకోవాలో దానికి తెలుసు!" వరహాలమ్మ గొంతు వీధి చివరిదాకా వినబడింది.

నా మూతకు సొట్ట పడింది. బాగు చేయిస్తామన్న వాళ్లు లేరు. చేయిస్తామన్నా ఒప్పుకోను.